నాన్న పనిబట్టలతో ఇంటికి వచ్చే సీసం

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది గుంటూరు జిల్లా. మా వారు పాత బ్యాటరీలు విప్పి బాగుచేసే షాపులో పనిచేస్తారు. నాలుగేళ్ల మా బాబుకు కొన్ని నెలలుగా కడుపునొప్పి, మలబద్ధకం. ఒక క్యాంపులో వేలికి సూది గుచ్చి పరీక్ష చేసి, రక్తంలో సీసం 14 ఉందన్నారు. లోహాలను బయటికి లాగేసే డిటాక్స్ మందు వాడమని తెలిసినవాళ్లు చెబుతున్నారు. మా అత్తగారు ఇత్తడి గిన్నెలో చారు కాస్తారు, దానివల్లేనా? నాకిప్పుడు ఐదో నెల. కడుపులో బిడ్డకు ఏమైనా అవుతుందా? – ఒక పాఠకురాలు

జవాబు: 14 అంటే ఒక డెసీలీటరు రక్తంలో 14 మైక్రోగ్రాముల సీసం అని అర్థం. అయితే ముందుగా మోచేతి దగ్గర నరం నుంచి తీసిన రక్తంతో ఈ పరీక్ష మళ్లీ చేయించండి. వేలి చర్మానికి అంటుకున్న సీసపు ధూళి ఆ రక్తపు చుక్కలో కలిస్తే అంకె ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది, మీ ఇంట్లో అలా జరిగే అవకాశం మిగతావాళ్లకంటే ఎక్కువ. రెండోసారి కూడా ఇంచుమించు అంతే వస్తే మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 5, అంతకు మించి ఉంటే సీసం ఎక్కడి నుంచి వస్తోందో వెతికి ఆపాలి. ఇంతవరకైతే ఫరవాలేదని చెప్పడానికి సీసం విషయంలో హద్దు అంటూ ఏదీ లేదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. సీసం వల్ల కడుపునొప్పి, మలబద్ధకం వచ్చే మాట నిజమే కానీ, అవి సాధారణంగా ఇంతకంటే చాలా ఎక్కువ మోతాదులో కనిపిస్తాయి. కాబట్టి మలబద్ధకానికి పిల్లల వైద్యుడు వేరే కారణాలు కూడా చూడాలి. 14 స్థాయిలో సీసం చేసే హాని పైకి కనిపించదు. అది కాల్షియంలా నటిస్తూ ఎదుగుతున్న మెదడులోకి చేరి ఏకాగ్రతను, నేర్చుకునే శక్తిని తగ్గిస్తుంది, హిమోగ్లోబిన్ తయారీకి అడ్డుపడుతుంది. పెద్దవాళ్లు మింగిన సీసంలో సుమారు పదోవంతు మాత్రమే ఒంటికి పడితే, చిన్నపిల్లల్లో అది సగం వరకూ ఉండవచ్చు. ఇనుము, కాల్షియం తక్కువగా ఉన్న పిల్లల్లో ఇంకా ఎక్కువ.

మీరు ఇత్తడి గిన్నెను అనుమానించారు కానీ, నేనైతే ముందు మీ వారి చొక్కాను అనుమానిస్తాను. బ్యాటరీ పలకలు విప్పేటప్పుడు, సీసం కరిగించేటప్పుడు లేచే సన్నని ధూళి బట్టలకు, జుట్టుకు, చెప్పులకు, బండి సీటుకు, సెల్‌ఫోనుకు పట్టుకుని ఇంటికి వస్తుంది. నాన్న గుమ్మంలోకి రాగానే బాబు ఎదురెళ్లి ఒళ్లోకి ఎక్కుతాడు, తర్వాత అదే చేయి నోట్లో పెట్టుకుంటాడు. అందుకని ఆయన షాపులోనే స్నానం చేసి బట్టలు, చెప్పులు మార్చుకుని రావాలి. ఆ వీలు లేకపోతే ఇంటికి రాగానే బిడ్డను ఎత్తుకోకముందే తలస్నానం చేయాలి. పనిబట్టలను దులపకుండా, ఇంట్లోవాళ్ల బట్టలతో కలపకుండా విడిగా ఉతకాలి, ఐదో నెలలో ఉన్న మీరు వాటిని ముట్టుకోకపోవడమే మంచిది. చీపురుతో ఊడిస్తే ధూళి గాలిలోకి లేస్తుంది కాబట్టి నేలను తడిగుడ్డతో తుడవండి. పాత బ్యాటరీలు, వాటి పెట్టెలు పెరట్లో ఉంటే వెంటనే తీసేయించండి.

ఇత్తడి గిన్నె కూడా పూర్తిగా నిర్దోషి కాదు. కొన్ని రకాల ఇత్తడిలోనూ, తగరానికి బదులు సీసం కలిపి పూసిన కళాయిలోనూ సీసం ఉంటుంది, చింతపండు పులుపు దాన్ని చారులోకి లాగుతుంది. అత్తగారితో వాదన పెట్టుకోకుండా చారును స్టీలు గిన్నెలోకి మార్చండి, చాలు. తుక్కు కరిగించి పోసిన చవక అల్యూమినియం గిన్నెలకూ ఇదే మాట వర్తిస్తుంది. మన దేశం నుంచి వెళ్లిన ఇలాంటి కొన్ని వంటపాత్రల నుంచి ఆహారంలోకి సీసం చేరుతోందని అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2025 ఆగస్టులో హెచ్చరించింది. విడిగా అమ్మే పసుపులో రంగు కోసం లెడ్ క్రోమేట్ అనే సీసపు పసుపురంగు పొడి కలిపే మోసం కూడా ఉంది, కొమ్ములు కొని పట్టించుకుంటే ఆ బెడద తగ్గుతుంది.

డిటాక్స్ మందు మాత్రం వద్దు. సీసాన్ని బయటికి పంపే కీలేషన్ మందులు ఉన్నాయి, కానీ పిల్లల్లో వాటిని సాధారణంగా 45, అంతకు మించినప్పుడు, వైద్యుల పర్యవేక్షణలోనే వాడతాం. అవి ఒంటికి కావలసిన ఖనిజాలను కూడా లాగేస్తాయి. అమెరికాలో 2003–2005 మధ్య ఇలాంటి చికిత్సలో ఒక మందు రక్తంలోని కాల్షియాన్ని ప్రమాదకరంగా తగ్గించడంతో ఇద్దరు పిల్లలు, ఒక మహిళ చనిపోయారు. ఇంట్లోకి ధూళి వస్తూనే ఉంటే ఏ మందు ఇచ్చినా ప్రయోజనం లేదు. నాటు భస్మాలు అసలే వద్దు, వాటిలో కొన్నింటిని సీసంతోనే చేస్తారు.

బాబుకు హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వను చూపేది) పరీక్షలు చేయించి, లోపం ఉంటే డాక్టరు చెప్పిన మోతాదులో ఐరన్ ఇవ్వండి. పాలు, పెరుగు, రాగిజావ, ఆకుకూరలు, జామపండు పెట్టండి, ఖాళీ కడుపుతో ఉంచవద్దు. మూడు నెలల్లోపు సీసం పరీక్ష మళ్లీ చేయించండి. ఎముకల్లో దాగిన సీసం నెమ్మదిగా రక్తంలోకి వస్తుంటుంది కాబట్టి అంకె ఒక్కసారిగా పడిపోదు, అందుకు కంగారుపడకండి.

తల్లి రక్తంలోని సీసం మాయను దాటి గర్భస్థ శిశువుకు చేరుతుంది. అందుకని మీరూ, మీ వారూ ఇద్దరూ ఈ వారంలోనే పరీక్ష చేయించుకుని, ఫలితాన్ని మీ ప్రసూతి వైద్యురాలికి చూపించండి, ఆమె రాసిన కాల్షియం, ఐరన్ మాత్రలు మానవద్దు. బాబుకు ఆగని వాంతులు, మగత, నడకలో తూలడం, ఫిట్స్ వంటివి కనిపిస్తే పరీక్ష ఫలితం కోసం చూడకుండా వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి, తండ్రి బ్యాటరీ పని చేస్తాడన్న సంగతి అక్కడి డాక్టరుకు ముందుగా చెప్పండి.