గ్రూపు కలవలేదని ఆగిపోకు

సుజాతా,

మా ఆయనకి కిడ్నీ ఇద్దామంటే ఆయనది బీ గ్రూపు, నాది ఏ, నా కిడ్నీ ఇక దేనికీ పనికిరాదు పెద్దమ్మా అని ఫోన్లో ఒకటే ఏడ్చావు. అల్లుడికి పనికిరాదు, అంతే. మీకు తిరగేసినట్టుండే కుటుంబం, అంటే రోగిది ఏ, ఇచ్చేవాళ్లది బీ, ఒకటి దొరికితే నీది వాళ్లకి, వాళ్లది మీకు. దీన్ని స్వాప్ అంటారు. 2011లో చట్టం సవరించి దీనికి దారిచ్చారు. మీ పెదనాన్నకి కిడ్నీ వచ్చింది ఇలాగే.

మీ ఇద్దరి పేర్లూ స్వాప్ జాబితాలో రాయించు. విశాఖలో ఒక్కచోటే రాయించి కూర్చోకు, హైదరాబాద్, చెన్నైలో కూడా అడుగు. జాబితా పెద్దదైతే జత దొరికే వీలూ ఎక్కువ. ఏ-బీ జతలు కాస్త తొందరగానే కుదురుతాయి. పాపం, ఓ గ్రూపు రోగులదే కష్టం. వాళ్లకి ఓ వాళ్లే ఇవ్వాలి, ఆ ఓ వాళ్లేమో ఎవరికైనా ఇవ్వగలరు కాబట్టి సొంతవాళ్లకే ఇచ్చేస్తారు, స్వాప్ దాకా రారు. అన్నట్టు, పాజిటివా నెగెటివా అన్న గొడవ కిడ్నీకి లేదు.

ఈలోగా నీ టెస్టులన్నీ పూర్తి చేసుకో. అల్లుడికి రక్తం తగ్గింది, ఎక్కిద్దాం అంటే, ఇంజెక్షన్లతో సరిపెట్టుకోవచ్చా అని డాక్టరుగారిని ఒకసారి అడుగు. ఎక్కించిన రక్తంతో ఒంట్లో వేరేవాళ్ల కిడ్నీని ఎదిరించే యాంటీబాడీలు పెరగొచ్చు. అప్పుడు గ్రూపు కలిసినా ఇద్దరి రక్తం కలిపి చూసే క్రాస్‌మ్యాచ్‌లో పోతుంది. ఫిస్టులా, అదే డయాలసిస్ కోసం రక్తనాళాలు కలిపి కుట్టింది, ఉన్న చేతికి బీపీ పట్టీ కట్టనివ్వకు. నర్సమ్మ హడావుడిలో ఉంటే నువ్వే ఆ చెయ్యి పక్కకి తియ్యి.

ఇక అసలు చిక్కు. నీకు ముప్పై నాలుగు. అవతల ఇచ్చేది అరవై ఏళ్ల తల్లి కావచ్చు. మన పిల్లది పడుచు కిడ్నీ, వాళ్లది ముసలిదా అని మీ అత్తగారు అననే అంటారు. నా మటుకు, కిడ్నీ బాగా పనిచేస్తోందని డాక్టర్లు చెబితే ఒప్పుకోమంటాను. ఏళ్ల తరబడి డయాలసిస్ కంటే అదే నయం. కానీ ఈ మాట మీ ఇంట్లో ముందే తేల్చుకోండి. అన్నీ కుదిరాక బేరాలు మొదలుపెడితే రెండు కుటుంబాలూ మునుగుతాయి.

నాలుగు ఆపరేషన్లూ ఒకేసారి చేస్తారు, ఒకరిది అయ్యాక రెండోవాళ్లు వెనక్కి తగ్గకుండా. అవతలివాళ్లకి జ్వరమొస్తే మీదీ వాయిదాయే, టెన్షన్ పడకు.

అనుమతి కమిటీ వాళ్లు నిన్ను విడిగా కూర్చోబెట్టి, ఎవరైనా బలవంతం చేస్తున్నారా అని అడుగుతారు. మనసులో ఏముంటే అది చెప్పు. వద్దనిపిస్తే వద్దనే చెప్పు, నేనున్నాను. ఆస్పత్రి గేటు దగ్గర "జత నేను చూసిపెడతానమ్మా" అనేవాడికి మాత్రం నంబరు ఇవ్వకు. డబ్బు చేతులు మారితే ఐదేళ్ల నుంచి పదేళ్ల జైలు, ఇరవై లక్షలకు తక్కువ కాకుండా జరిమానా.

పెళ్లి ఫొటోలు, పిల్లల బర్త్ సర్టిఫికెట్లు, ఇద్దరి ఆధార్‌లు ఒక ఫైల్లో పెట్టు. పేర్లలో అక్షరం తేడా ఉంటే ఇప్పుడే దిద్దించు, దానికే నెలలు పడుతుంది.

మీ పెద్దమ్మ