పాత దుర్భిణికి చింతపండు వద్దు

ప్రశ్న: తాతగారి పెట్టెలో చెక్క గొట్టం, అందులోంచి జారే మూడు ఇత్తడి గొట్టాలు ఉన్న దుర్భిణి దొరికింది. కన్ను పెట్టే చోట ఇంగ్లిషులో ‘డోలాండ్, లండన్’ అని చెక్కి ఉంది. చివరి గొట్టం బిగుసుకుపోయింది, చూస్తే అంతా మసక. చింతపండుతో తోమవచ్చా?
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: దయచేసి తోమకండి. తోమితే ఇత్తడి మీది పాత లక్క పూత పోతుంది, పులుపు మరల్లోకి దిగి చిలుము పట్టిస్తుంది. బూడిదతో రుద్దితే చెక్కిన అక్షరాలు అరిగిపోతాయి. మెత్తటి పొడిగుడ్డ చాలు.

ఆ అక్షరాలను భూతద్దంతో చూడండి. రెండు రకాల గాజు జతచేసి, బొమ్మ చుట్టూ కనబడే రంగుల అంచులు తగ్గించే కటకానికి జాన్ డోలాండ్ 1758లో పేటెంటు పొందాడు. కొడుకు పీటర్ 1750లోనే లండన్‌లో దుకాణం తెరిచాడు. ఆ పేరుతో తరాల తరబడి సరుకు వచ్చింది కాబట్టి పేరొక్కటే చూసి వయసు కట్టలేం. ఇంగ్లిషు పేరులో (Dollond) రెండో ‘ఓ’ ఉండాల్సిన చోట ‘ఏ’ (a) ఉంటే మాత్రం అది వాళ్ల పని కాదు.

బిగుసుకున్న గొట్టానికి పట్టకారు వాడొద్దు. రేకు పల్చన, సొట్ట పడితే ఇక జారదు. దుర్భిణిని పడుకోబెట్టి, అతుకు దగ్గర కుట్టుమిషను నూనె ఒక్క చుక్క వేసి రాత్రంతా ఉంచండి. నిలబెడితే నూనె కటకం మీదికి దిగుతుంది. మర్నాడు సైకిల్ ట్యూబు ముక్క చుట్టి, మెల్లగా తిప్పుతూ లాగండి.

మసక ఎక్కువగా ముందున్న పెద్ద కటకం దగ్గరే ఉంటుంది. దాన్ని పట్టి ఉంచే కప్పు మర విప్పితే లోపల రెండు గాజులు కనిపిస్తాయి. విడివిడిగా ఉంటే, కదిలించకముందే రెండింటి అంచుల మీదుగా పెన్సిలుతో ఇంగ్లిషు ‘వి’ (V) గుర్తు గీయండి. తిరగేసి పెడితే బొమ్మ తేటపడదు. అంటించి ఉంటే విడదీయొద్దు. అంచుల్లో పసుపు పచ్చదనం ఆ జిగురు ముసలిదైన గుర్తు, తుడిస్తే పోదు. ముందు గాలి ఊది ఇసుక రేణువులు పోగొట్టండి, సముద్రపు ఊళ్లలో గీతలు పడేది వాటివల్లే. తర్వాత డిస్టిల్డ్ వాటర్‌లో ఒక చుక్క లిక్విడ్ సోపు కలిపి, దూదితో నొక్కకుండా తుడవండి. కంటి వైపు చిన్న కటకాలను ఒక్కొక్కటే తీసి, దాన్ని బిగించాకే రెండోది విప్పండి.

ప్రశ్న: ‘కెల్విన్ అండ్ హ్యూస్, లండన్ 1917’ అని ఉన్న ఇత్తడి దుర్భిణి అసలుదేనా?
– ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: కాదమ్మా. ఆ రెండు పేర్లు ఒక్క కంపెనీగా కలిసింది 1940ల్లో. 1917లో ఆ ముద్ర పడే వీల్లేదు. షోకేసులో అందంగానే ఉంటుంది, పాత వస్తువు ధర మాత్రం ఇవ్వకండి.