‘నాకేం కాలేదు’ అంటున్న నాన్నను ఎలా ఒప్పించాలి?

ప్రశ్న: మా నాన్నగారికి 61 ఏళ్లు. మలంలో రక్తం పడుతుంటే ఆరు నెలలు మొలలే అనుకున్నారు. కొలనోస్కోపీ, బయాప్సీ చేశాక పెద్దపేగులో ‘అదే’ అని తేలింది, వేరే ఎక్కడికీ పాకలేదు, ఆపరేషన్ చేయించుకోమన్నారు. ఐదు వారాలైంది. ‘నాకేం కాలేదు, రిపోర్టులు తారుమారై ఉంటాయి’ అంటూ ఫైలు బీరువాలో పెట్టేశారు. గట్టిగా అడిగితే లేచి వెళ్లిపోతున్నారు. చదువుకున్న మనిషే. బలవంతంగానైనా తీసుకెళ్లమంటారా?

జవాబు: చదువుకున్న మనిషే అని రాశారు కదా, దీనికి చదువుతో సంబంధం లేదండీ. ఛాతీలో నొప్పి వస్తుంటే గ్యాస్ అనుకుని మాత్ర మింగి, తర్వాతి పేషెంట్‌ను లోపలికి పిలిచిన డాక్టర్లు నాకు తెలుసు. తట్టుకోలేని మాట చెవిన పడినప్పుడు మనసు దాన్ని ఒక్కసారిగా లోపలికి రానివ్వదు. దీన్నే మేం డినయల్ అంటాం. ప్రాణం మీదికొచ్చే జబ్బు ఉందని తెలిసిన మనిషి మనసు గురించి 1969లో ఎలిజబెత్ కుబ్లర్ రాస్ అనే సైకియాట్రిస్టు చెప్పిన ఐదు దశల్లో మొదటిది ఇదే. ఆ ఐదూ మెట్లు ఎక్కినట్టు వరసగా వస్తాయని చాలామంది అనుకుంటారు కానీ అలా ఏమీ రావు, పొద్దున ఒప్పుకున్న మనిషి సాయంత్రానికి మళ్లీ ‘నాకేం లేదు’ అనొచ్చు.

ఇంకోటి గమనించారా? రిపోర్టులు తప్పంటూనే వాటిని భద్రంగా బీరువాలో దాచుకున్నారు. నిజంగానే తప్పని నమ్మితే ఏ మూలో పడేసేవారు. ఆయనకు తెలుసు, తెలియకుండా ఉండాలని కూడా ఉంది. ఏవరీ వైజ్‌మన్ అనే మరో సైకియాట్రిస్టు ఈ స్థితికి ‘మిడిల్ నాలెడ్జ్’ అని పేరు పెట్టారు. అందుకే రిపోర్టు తెచ్చి ముఖం ముందు పెట్టి ‘చూడండి, ఇక్కడ రాసుంది’ అని వాదిస్తే ఉపయోగం ఉండదు, తెలిసినదాన్నే మళ్లీ చెప్పినట్టవుతుంది.

నేనైతే మనిషి ఏమంటున్నాడన్నది పెద్దగా పట్టించుకోను, ఏం చేస్తున్నాడో చూస్తాను. ‘నాకు క్యాన్సర్ లేదు డాక్టర్, ఏదో పుండు’ అంటూనే ఒక్క కీమో డేటు కూడా తప్పకుండా వచ్చినావిడ ఉన్నారు. ఆవిడ చేత ఆ మాట ఒప్పించాలని నాకెప్పుడూ అనిపించలేదు, ఆ అబద్ధం ఊతంగానే ఆవిడ వైద్యం పూర్తి చేసుకున్నారు. మీ నాన్నగారి విషయం వేరు, ఇక్కడ వైద్యమే ఆగిపోయింది. వేరే చోటికి పాకని పెద్దపేగు క్యాన్సర్‌కి అసలు వైద్యం ఆపరేషనే, పూర్తిగా నయమయ్యే అవకాశం బాగానే ఉంటుంది. ఒకట్రెండు వారాలు అటూ ఇటూ అయితే కంగారు లేదు గానీ నెలలు జరగనివ్వకూడదు.

అయితే ఆయనన్న మాటనే పట్టుకోండి. ‘తారుమారయ్యాయేమో నాన్నా, పోనీ ఇంకో డాక్టరుకి చూపిద్దాం’ అనండి. ఇందులో నటన ఏమీ లేదు, బయాప్సీలో తీసిన ముక్కను స్లైడ్లు, బ్లాకులుగా ల్యాబులో దాచే ఉంచుతారు, వాటిని వేరే పాథాలజిస్టు (ముక్కను పరీక్షించి రిపోర్టు ఇచ్చే డాక్టరు) చేత చూపించుకోవడం మామూలు పనే. ఆయన్ని ఓడించకుండానే మళ్లీ డాక్టరు ముందు కూర్చోబెట్టినట్టవుతుంది. ఇంటిల్లిపాదీ చుట్టూ చేరి అడగొద్దు, ఆయన మాట వినే మనిషి ఒక్కరు చాలు. ‘డాక్టరు చెప్పినదాంట్లో మీకేం అర్థమైంది?’ అని అడిగి ఊరుకోండి. చాలామంది భయం జబ్బు గురించి కాదు, మలం పోవడానికి పొట్టకు సంచి తగిలిస్తారనో, మంచాన పడి పిల్లలకు భారమవుతాననో, ఎప్పుడో చూసిన బంధువు అవస్థ గుర్తొచ్చో. సంచి అందరికీ పెట్టరు, పెట్టినా కొందరికి కొన్నాళ్లకే తీసేస్తారు, గడ్డ ఎక్కడుందన్నదాన్ని బట్టి ఉంటుంది. ఇది ఆయన సర్జన్ నోటినుంచి వినాలి.

అన్నట్టు, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను, ఎక్కడా క్యాన్సర్ అన్న మాట లేదు. ‘అదే’ అని రాశారు. తప్పు పట్టడం లేదు, కానీ ఇంట్లో అందరూ గొంతు తగ్గించి ‘అది’ అంటుంటే ఆయనొక్కరూ పేరు పెట్టి మాట్లాడాలంటే ఎలా?

‘నాకేం లేదు’ అన్న ప్రతిదీ డినయల్ కాదన్నది కూడా గుర్తుంచుకోండి. తిండి, నిద్ర తగ్గిపోయి ‘ఎందుకిదంతా’ అంటుంటే అది డిప్రెషన్ కావచ్చు, దానికి మందులున్నాయి. కొత్తగా మతిమరుపు, తికమక కనపడినా డాక్టరుకి చెప్పాలి.

ఇక బలవంతం సంగతి. స్పృహలో ఉండి ఆలోచించగలిగిన మనిషిని లాక్కెళ్లి ఆపరేషన్ చేయించలేం, ఆయన సంతకం లేకుండా ఏ సర్జనూ కత్తి పట్టడు. అన్నీ విన్నాక వద్దనే హక్కు ఆయనకుంది, కాకపోతే ముందు అన్నీ వినాలి కదా, మీ ప్రయత్నమంతా అంతవరకే. కానీ కడుపు ఉబ్బి, వాంతులవుతూ, మలం గానీ గ్యాస్ గానీ పోకపోయినా, రక్తం ఎక్కువగా పోయి కళ్లు తిరుగుతున్నా పేగు మూసుకుపోవడమో, మరో ప్రమాదమో అయ్యుంటుంది. అప్పుడు ఈ నచ్చజెప్పడాలన్నీ పక్కన పెట్టి ఆ గంటలోనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.