కంప్రెసర్ మార్చే ముందు మీటర్ ముళ్లు చూడండి

పది టైర్ల లారీ, గాజువాక నుంచి పోర్టుకి తిప్పుతున్నారు. రాత్రి ఆపితే పొద్దున్నకి ఎయిర్ బ్రేకుల ట్యాంకుల్లో గాలి దిగిపోతోంది, స్టార్ట్ చేశాక ఎక్కడానికి పావుగంట పడుతోంది, కంప్రెసర్ మార్చేయమంటున్నారు, మార్చాలా అని మీ ప్రశ్న. ఇప్పుడే వద్దు. గాలి దిగిపోవడం ఒక జబ్బు, ఆలస్యంగా ఎక్కడం ఇంకో జబ్బు. ఇంజిన్ ఆగాక డ్రైయర్ (గాలిలో తేమ తీసే డబ్బా) దగ్గరున్న వన్‌వే వాల్వ్ ట్యాంకుల గాలిని వెనక్కి రానివ్వదు కాబట్టి, కొత్త కంప్రెసర్ బిగించినా రాత్రి దిగేది దిగుతూనే ఉంటుంది.

ఇంజిన్ గేర్‌తో తిరిగే కంప్రెసర్ నుంచి డెలివరీ పైపు, డ్రైయర్, ప్రొటెక్షన్ వాల్వ్ మీదుగా గాలి ట్యాంకులకి చేరుతుంది. చాలా బండ్లలో గాలి ప్రెజర్ 8 బార్ దగ్గరికి రాగానే ఎక్కువైన గాలిని డ్రైయర్ కింద బుస్సుమని వదిలేస్తుంది. సుమారు 1 బార్ తగ్గాక మళ్లీ ఎక్కించడం మొదలవుతుంది.

ముందు లీకు సంగతి. చదునైన చోట బండి ఆపి, చక్రాలకి ముందూ వెనకా చెక్కలు పెట్టండి. గాలి నిండాక ఇంజిన్ ఆపి, హ్యాండ్ బ్రేక్ వదిలి, ఒక నిమిషం మీటర్ చూడండి. తర్వాత పెడల్ గట్టిగా తొక్కిపట్టి, మొదట తగ్గేది వదిలేసి, ఇంకో నిమిషం చూడండి. అమెరికాలో హెవీ లైసెన్స్ పరీక్షకి వాడే హద్దు ట్రైలర్ లేని బండికి మొదటి నిమిషంలో తగ్గేది 2 పీఎస్ఐ, తొక్కినప్పుడు 3 పీఎస్ఐ. 1 బార్ అంటే 14.5 పీఎస్ఐ. మన బండ్లకీ ఇది మంచి కొలతే.

అసలు విషయం రాత్రి తర్వాత ముళ్లు ఎక్కడ నిలిచాయన్నది. ముందు, వెనక బ్రేకుల సర్క్యూట్లకి (గాలి లైన్లకి) మీటర్‌లో విడివిడి ముళ్లు ఉంటాయి. ప్రొటెక్షన్ వాల్వ్ ఒక ప్రెజర్ దాకా అన్ని సర్క్యూట్లనీ కలిపి ఉంచుతుంది, ఆ కిందికి వస్తే విడదీస్తుంది. అందుకే రెండు ముళ్లూ కలిసి దిగి, తర్వాత ఒకటి నిలిచిపోయి ఇంకోటి సున్నాకి పోతే, పోయిన సర్క్యూట్‌లో లీకు. రెండూ ఒకే దగ్గర నిలిచిపోతే హ్యాండ్ బ్రేక్ లైనో, ఎయిర్ హారన్, క్లచ్ బూస్టర్ లాంటివో చూడాలి. సగం వెతుకులాట ఇక్కడే తగ్గిపోతుంది.

తర్వాత మగ్గు నీళ్లలో డిటర్జెంట్ కలిపి బ్రష్‌తో ప్రతి జాయింటుకీ, వాల్వుల ఎగ్జాస్ట్ రంధ్రాలకీ రాయండి. బ్రేక్ చాంబర్ దగ్గర పెడల్ తొక్కినప్పుడే బుడగలు వస్తే సర్వీస్ డయాఫ్రమ్ (పెడల్ బ్రేక్ రబ్బరు పొర) లీకు, హ్యాండ్ బ్రేక్ వదిలినప్పుడే వస్తే వెనక చాంబర్‌లో హ్యాండ్ బ్రేక్ స్ప్రింగ్ ఉన్న వైపు లీకు. ఆ స్ప్రింగ్ చాంబర్ మూతని మాత్రం ఎవరినీ విప్పనివ్వకండి. నొక్కిపెట్టి ఉన్న స్ప్రింగ్ విడుదలైతే మనిషి ప్రాణమే పోతుంది. చాంబర్ మొత్తం మార్చడమే పద్ధతి, అదీ కేజింగ్ బోల్టుతో (స్ప్రింగ్‌ని నొక్కి పట్టి ఉంచే బోల్టు) స్ప్రింగ్ బిగించాకే.

ఇక గాలి ఆలస్యంగా ఎక్కడం సంగతి. లీకు సరిచేశాక ఇంజిన్ పనిచేసే ఆర్‌పీఎమ్‌లో 85 నుంచి 100 పీఎస్ఐకి 45 సెకన్లలోపు రావాలి. రాకపోతే వరుస ఇది: గాలి వచ్చే వైపు ఫిల్టర్ మూసుకుందా, డెలివరీ పైపు కంప్రెసర్ మూతి దగ్గర విప్పితే లోపల నల్లగా కార్బన్ గట్టిపడి సన్నబడిందా, డ్రైయర్ కింద గాలి ఆగకుండా కారుతోందా. కార్బన్ ఉంటే పైపు మార్చండి. అప్పటికీ రాకపోతే కంప్రెసర్ హెడ్, దానిలోని రీడ్ వాల్వులు (పలుచని రేకు వాల్వులు) చూడాలి.

ఆయిల్ సంగతి ట్యాంకు అడుగున తెలుస్తుంది. డ్రెయిన్ రింగ్ లాగితే తేట నీళ్లు కాస్త వస్తే డ్రైయర్ అలసిపోయింది. పాలలాగానో జిగటగా నల్లగానో వస్తే కంప్రెసర్ ఆయిల్ తోస్తోంది, అది డ్రైయర్‌లో తేమ పీల్చే గుళికలనీ పాడుచేస్తుంది. మన విశాఖ సముద్రపు తేమకి గుళికల కార్ట్రిడ్జ్‌ని కంపెనీ చెప్పిన గడువు కన్నా ముందే మార్చుకోవడం మేలు, ట్యాంకులు రోజూ సాయంత్రం డ్రెయిన్ చేయడం అంతకన్నా మేలు.

అరకు వైపు అనంతగిరి ఘాట్ దిగే పని ఉంటే ఈ లోపు వెళ్లకండి. దిగేటప్పుడు పెడల్ పదేపదే తొక్కితే గాలి ఎక్కేదానికన్నా వేగంగా పోతుంది. రాత్రి తర్వాత మీ ముళ్లు ఏ అంకె దగ్గర నిలిచాయో రాయండి, ఎక్కడ వెతకాలో ఇంకా దగ్గరగా చెబుతాను.