చందాతో బాక్సింగ్ నడిపిస్తానన్న స్పోర్ట్స్ స్ట్రీమింగ్ సంస్థ డాజోన్, ఫైట్‌కింత అని విడిగా అమ్మే పే-పర్-వ్యూకి మళ్లీ ఎందుకొచ్చింది?

నేను కొన్నేళ్లు ఒక ఓటీటీలో చందాల లెక్కలు చూసే టీమ్‌లో పనిచేశాను. క్రికెట్ సిరీస్ ముగిసిన మర్నాడు క్యాన్సిలేషన్లు వరసకట్టేవి. అయినా కంగారుపడేవాళ్లం కాదు, తర్వాతి సిరీస్ తేదీలు చేతిలో ఉండేవి కాబట్టి. బాక్సింగ్‌కి ఆ ధీమా ఉండదు. లీగ్ అంటూ లేదు. మీరు కొనేది ఫైట్లు ఏర్పాటు చేసే ఒక ప్రమోటర్‌నో, ఒక బాక్సర్‌నో. అవతలివాడు వేరే ప్రమోటర్ దగ్గర, వేరే ఛానల్ ఒప్పందంలో ఉంటాడు.

2018లో డాజోన్ మ్యాచ్‌రూమ్ అనే ప్రమోటర్ సంస్థతో ఎనిమిదేళ్లకు 100 కోట్ల డాలర్ల ఒప్పందం కుదుర్చుకుంది. అదే ఏడాది మెక్సికో బాక్సర్ కనెలో అల్వారెజ్‌కి 11 ఫైట్లకు 36.5 కోట్ల డాలర్లు. అమెరికా టీవీ ఛానల్ హెచ్‌బీవో అప్పుడే బాక్సింగ్ వదిలేస్తోంది, దారి ఖాళీ అయిందనిపించింది. నెలకు 9.99 డాలర్లే, ఇక పే-పర్-వ్యూ కథ ముగిసిందని ప్రచారం.

లెక్క తేడా కొట్టింది ఇక్కడే. 2015లో మేవెదర్-పకియావ్ పోరుని దాదాపు 100 డాలర్ల చొప్పున 46 లక్షల ఇళ్లు కొన్నాయి. పది డాలర్ల చందాదారు ఆ సొమ్ము ఇవ్వాలంటే పది నెలలు ఉండాలి. పెద్ద ఫైట్ చూసి మర్నాడే వెళ్లిపోయేవాడు ఉంటాడా? 2019లో నెల చందా 19.99కి పెంచి, ఏడాదికి మాత్రం 99.99 అన్నారు. బయటివాళ్లకు అది ధరల పెంపు. మా లాంటి టీమ్‌లో కూర్చున్నవాళ్లకు మాత్రం, ఎలాగైనా ఏడాది కట్టించుకోవాలన్న తాపత్రయం.

ఆ జూన్‌లోనే న్యూయార్క్‌లో మ్యాచ్‌రూమ్ హెవీవెయిట్ స్టార్ ఆంథోనీ జాషువా, చివరి నిమిషంలో బరిలోకి దిగిన ఆండీ రూయిజ్ చేతిలో ఓడిపోయాడు. అమెరికా హెవీవెయిట్ ఛాంపియన్ వైల్డర్‌తో జాషువా పోరు మీద పెట్టుకున్న ఆశలు ఆ రాత్రితో నీరుగారాయి. కోట్లు పోసిన పేరు విలువ ఏడు రౌండ్లలో పడిపోయే ఆట ఇంకేదుంది చెప్పండి! 2020లో కోవిడ్‌తో టికెట్ల ఆదాయం పోయింది, కనెలో 28 కోట్ల డాలర్లకు దావా వేసి ఒప్పందం నుంచి బయటపడ్డాడు. 2022 మేలో అదే కనెలో-బివోల్ పోరుని డాజోనే పే-పర్-వ్యూలో అమ్మింది.

నెట్‌ఫ్లిక్స్ సంగతి వేరు. 2024లో యూట్యూబర్ జేక్ పాల్, మైక్ టైసన్ తలపడిన రాత్రి బఫరింగ్‌తో జనం తిట్టుకున్నా దాని వ్యాపారం కదల్లేదు, ఎందుకంటే దానికి బాక్సింగ్ విస్తట్లో ఊరగాయ లాంటిది. కనెలో-క్రాఫర్డ్ పోరుని 2025లో అదనపు రుసుము లేకుండా చూపించగలిగిందీ అందుకే.