ఎల్‌పార్‌లో సీపీయూ వాడకం 100 శాతం ఎలా దాటుతుంది?

ఎల్‌పార్ అంటే ఒకే ఐబీఎం పవర్ సర్వర్‌ను విడగొట్టి చేసిన లాజికల్ పార్టిషన్. ఈ శాతాన్ని మొత్తం మెషీన్ మీద కాదు, ఆ పార్టిషన్‌కు కేటాయించిన వాటా మీద లెక్కగడతారు కాబట్టి 100 దాటుతుంది. అన్‌క్యాప్డ్ (వాటా దాటి వాడుకునే వీలున్న) పార్టిషన్ అయితే, మిగతావి వాడకుండా వదిలేసిన ప్రాసెసర్ సమయాన్ని షేర్డ్ పూల్ (పార్టిషన్లు పంచుకునే ప్రాసెసర్ల సమూహం) నుంచి తీసుకోగలదు.

వాటా 0.4 ప్రాసెసర్, వర్చువల్ ప్రాసెసర్లు (పార్టిషన్‌కు కనిపించే ప్రాసెసర్లు) 2 అనుకోండి. రాత్రి బ్యాచ్ జాబ్ నడుస్తుండగా ఎల్‌పార్‌స్టాట్ కమాండ్‌లో ఫిజ్‌సీ (నిజంగా వాడిన ప్రాసెసర్లు) 1.00 ఉంటే, పక్కన ఎంట్‌సీ (అది వాటాలో ఎంత శాతమో) 250 చూపిస్తుంది. ఎంత పూల్ ఖాళీగా ఉన్నా 500 మించదు. వాడకం వర్చువల్ ప్రాసెసర్ల సంఖ్య, అంటే 2 దగ్గర ఆగిపోతుంది. క్యాప్డ్ పార్టిషన్ 100 దగ్గరే ఆగుతుంది.

100 దాటగానే సర్వర్ మీద లోడ్ ఎక్కువైపోయిందని చాలామంది టెన్షన్ పడతారు. పూల్‌లో ఖాళీ ఉంది కాబట్టే ఆ అంకె వచ్చింది. కాకపోతే అది అరువు సరుకు: పక్క పార్టిషన్లు బిజీ అయిన రోజు అదే జాబ్ నెమ్మదిస్తుంది.