చెరువు మీంచి ఆర్‌సీ విమానం ఎగరేయాలంటే గైరో ఉంటే చాలా?

ఆర్నెల్లుగా హై వింగ్ ట్రైనర్ (రెక్కలు పైన ఉండే, నేర్చుకునేవాళ్ల రిమోట్ విమానం) ఎగరేస్తున్నానని, వానలకు మీ ఊరి చెరువు నిండిందని, ఫ్లోట్లు (చక్రాల బదులు కట్టే, నీళ్ల మీద తేలే పడవల్లాంటివి) కట్టి నీళ్ల మీంచి లేపాలని ఉందని, ఆటో లెవెల్ (విమానాన్ని తనంతట తానే సమంగా నిలిపే మోడ్) ఉన్న గైరో, అంటే విమానం కదలికను పసిగట్టి దిద్దే పరికరం, పెడితే పని సులువవుతుందా అని అడిగారు. గాల్లో సులువవుతుంది. నీళ్ల మీద మాత్రం అదే గైరో విమానాన్ని ముంచుతుంది. నాది ముంచింది కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నా.

నాది ఫోమ్ బోర్డుతో చేసుకున్న 1.4 మీటర్ల రెక్కల హై వింగ్. మూడు సెల్లుల 2200 ఎంఏహెచ్ బ్యాటరీ, ఫ్లోట్లు కాకుండా 1.2 కిలోల బరువు. థర్మకోల్‌ని వేడి తీగతో కోసి, పైన ప్యాకింగ్ టేపు చుట్టి ఫ్లోట్లు చేశాను. కరీంనగర్ దగ్గర మా అత్తగారి ఊరి చెరువు, పొద్దున ఏడు గంటలు, కట్ట మీద నేనూ మా బావమరిదీ ఓ పది మంది పిల్లలూ. టెన్షన్‌గా ఉంది కదా, భద్రంగా ఉంటుందని ఆటో లెవెల్ ఆన్‌లోనే పెట్టాను. థ్రాటిల్ (మోటారు పవర్) ఇచ్చాను, ముక్కు లేపి నీళ్లు చిమ్ముకుంటూ బాగానే పోయింది, ఇక లేస్తుందనుకునేసరికి ఫ్లోట్ల కొనలు నీళ్లలో గుచ్చుకుని తోక ఆకాశంలోకి లేచి బోర్లా పడింది. పిల్లలు చప్పట్లు కొట్టారు, అది కూడా విన్యాసమే అనుకున్నట్టున్నారు.

మీ ప్రశ్నకు అసలు జవాబు అక్కడే ఉంది. ఫ్లోట్లున్న విమానం మొదట ముక్కెత్తి, తోక దించి, నీళ్లను దున్నుకుంటూ పోతుంది. అప్పుడు ఎలివేటర్ (ముక్కును పైకీ కిందికీ తిప్పే తోక పలక) స్టిక్ వెనక్కి లాగి పట్టుకోవాలి. వేగం అందుకున్నాక ఫ్లోట్ అడుగున ఉండే మెట్టు, అదే స్టెప్, దాని మీదికి ఎక్కి పైపైన జారడం మొదలుపెడుతుంది, అప్పుడు స్టిక్ మెల్లగా వదలాలి. 2024 నవంబర్‌లో విజయవాడ పున్నమి ఘాట్ నుంచి శ్రీశైలానికి సీప్లేన్ ట్రయల్ వేశారు కదా, ఆ వీడియోలు ఒకసారి చూడండి. పెద్దదానికైనా మన బొమ్మకైనా వరుస ఇదే. ఇప్పుడు గైరో సంగతి. ఆటో లెవెల్‌లో స్టిక్ మధ్యకి వచ్చిందంటే గైరోకి అర్థమయ్యేది ఒక్కటే, విమానం సమంగా ఉండాలి. నేను స్టిక్ వదిలే టైముకి ముక్కు ఇంకా ఎనిమిదో పదో డిగ్రీలు పైకే ఉంది. నీళ్ల మీద అది మామూలే, కానీ గైరోకి నీళ్లేంటో తెలియదు కదా. తప్పు దిద్దుతున్నాననుకుని ఎలివేటర్‌ని కిందికి కొట్టింది.

కాబట్టి టేకాఫ్‌కి గైరో పూర్తిగా ఆఫ్, లేదా రేట్ మోడ్. రేట్ మోడ్ కుదుపును మాత్రమే అణుస్తుంది, ఏ కోణంలో ఉండాలో నిర్ణయించదు. హెడింగ్ హోల్డ్ (ముక్కును ఒకే దిక్కుకు పట్టి ఉంచే మోడ్) లాంటిది ఉంటే నీళ్ల మీద దాని జోలికే పోకండి, అలలకు విమానం అటూ ఇటూ తిరిగిన ప్రతిసారీ రడ్డర్‌తో (ముక్కును కుడికీ ఎడమకీ తిప్పే తోక పలకతో) కుస్తీ పడుతుంది. రేట్ మోడ్‌లో కూడా రడ్డర్ గెయిన్ (గైరో ఎంత గట్టిగా దిద్దాలనే సెట్టింగ్) బాగా తగ్గించాను, వాటర్ రడ్డర్ (నీళ్లలో ఉండే చుక్కాని) కూడా అదే సర్వోకి (పలకను కదిపే చిన్న మోటారుకి) కట్టి ఉండటంతో నీళ్ల మీద నడుపుతుంటే తోక చేపలా ఊగేది. ఫ్లైస్కై ఐ6 లాంటి రేడియోలో (చేతి రిమోట్‌లో) మూడు పొజిషన్ల స్విచ్ ఒక్కటే ఉంటుంది, దాన్ని గైరోకే కేటాయించండి: ఆఫ్, రేట్, లెవెల్. లెవెల్ అనేది పైకెళ్లాక, విమానం ఎటు తిరిగి ఉందో అర్థంకాక కంగారు పడినప్పుడు వాడుకోవడానికి. ప్రతిసారీ ఒడ్డున చేత్తో పట్టుకుని చెక్ చేయండి, కుడి రెక్క కిందికి వంచితే కుడి ఎయిలరాన్ (రెక్క వెనక అంచున కదిలే పలక) కిందికి దిగాలి, ముక్కు వంచితే ఎలివేటర్ పైకి లేవాలి. గైరో దిద్దే దిశ తిరగబడి ఉంటే లేచిన మరుక్షణమే కూలుతుంది.

ఇంకో మోసం ఉంది. ఫ్లోట్లు సీజీకి (విమానం బరువు సమతూగే చోటికి) ముందు వైపు చాలా పక్కవైశాల్యం పెంచుతాయి, దాంతో తోక పట్టు తప్పుతుంది. గైరో ఉంటే అది బయటపడదు, చక్కగా ఎగురుతోందనే అనుకుంటాం. ఆఫ్ చేసిన రోజు మలుపులో తోక అడ్డంగా జారుతుంది. నేను తోక కింద చిన్న ఫిన్ (నిలువు పలక) అంటించాక గానీ నాది దారికి రాలేదు. అందుకే నా లెక్కలో ముందు గైరో లేకుండా ఎగిరేలా ఫ్లోట్లు కుదరాలి. పొడవు ఫ్యూజ్‌లాజ్‌లో (విమానం మొండెంలో) ముప్పాతిక వంతు లేదా కాస్త ఎక్కువ, రెండింటి మధ్య దూరం రెక్కల పొడవులో పావు వంతు, కొనలు ప్రొపెల్లర్ కంటే ముందుకు ఉండాలి, స్టెప్ సీజీకి ఓ సెంటీమీటర్ వెనక. ఈ చివరిది తప్పితే ఎంత పవర్ ఉన్నా లేవదు. ఫ్లోట్లు బిగించాక సీజీ మళ్లీ చూసుకోండి, నేను మర్చిపోయాను ఒకసారి.

తడి గురించి. రిసీవర్‌ని బెలూన్‌లో పెట్టి మూతి కట్టేయడం మనందరికీ తెలిసిన చిట్కా, గైరోకి మాత్రం పనికిరాదు. అది ఫ్రేమ్‌కి గట్టిగా అంటుకుని ఉండాలి, బెలూన్‌లో కదులుతూ ఉంటే తన కదలికనే విమానం కదలిక అనుకుంటుంది. బోర్డుకి కన్ఫార్మల్ కోటింగ్ (తడి తగలకుండా వేసే పూత) వేసి, కనెక్టర్లకు సిలికాన్ గ్రీజు రాసి, డబుల్ టేపుతో అంటించాను. ఆ రోజు మునిగినప్పుడు ఈఎస్‌సీ (మోటారు వేగాన్ని అదుపు చేసే సర్క్యూట్) పోయింది, గైరో పిన్నులకు వారంలో పచ్చటి చిలుము పట్టింది. యాంటెన్నా నీళ్లకు దగ్గరగా ఉంటే రేంజ్ పడిపోతుంది, అందుకని రేంజ్ టెస్ట్ విమానం నీళ్ల మీద ఉండగానే చేయండి. సిగ్నల్ పోతే థ్రాటిల్ సున్నా అయ్యేలా ఫెయిల్‌సేఫ్ తప్పనిసరి.

నీళ్లు అద్దంలా ఉన్న పొద్దుట మంచిదనుకుంటారు, కాదు. ఫ్లోట్లు నీటికి అతుక్కున్నట్టు ఉండి స్టెప్ ఎక్కవు, దిగేటప్పుడు ఎత్తు అంచనా అందదు. సన్నని అలలు ఉండాలి, గాలికి ఎదురుగా వెళ్లాలి. దిగేటప్పుడు కాస్త థ్రాటిల్ ఉంచండి, ఫ్లోట్ల డ్రాగ్‌కి (గాలి నిరోధానికి) వేగం టక్కున పడిపోతుంది, అప్పుడు గైరో ఎయిలరాన్‌తో రెక్క లేపబోయి స్టాల్‌ని (రెక్కకు ఎత్తే బలం పోవడాన్ని) ఇంకా పెంచుతుంది.

చెరువు గ్రీన్ జోన్‌లో (ఎగరేయడానికి ముందస్తు అనుమతి అక్కర్లేని ప్రాంతంలో) ఉందో లేదో ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్‌లో చూసుకోండి. గుర్రపుడెక్క ఉన్న వైపు, వలలు కట్టిన వైపు వద్దు. నా విమానాన్ని ఆ రోజు తెచ్చింది థర్మకోల్ తెప్ప మీద వలలు తీస్తున్న ఓ పెద్దాయన. తోక పట్టుకుని ఎత్తి, నీళ్లు కారుతుంటే అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది విమానమా, పడవనా సార్? రెండిట్లో ఒక్కటన్నా సక్కగ చెయ్యకపోతివి" అన్నాడు. అప్పట్నుంచీ వెళ్లగానే ముందు ఆయన ఎక్కడున్నాడో చూసుకుంటాను, ఆయన లేని రోజు కోసం టెన్నిస్ బంతికి గట్టి గాలం తాడు కట్టి ఉంచుకున్నాను, విమానం అవతలికి పడేలా విసిరి లాక్కోవచ్చు. విమానం కోసం మీరు మాత్రం ఈదుకుంటూ వెళ్లొద్దు, మట్టి తవ్విన గుంతలు ఎక్కడున్నాయో పైకి కనబడవు.